ఓసేవెకి మట్టి లేదు

"మట్టికి కలపాలి" అన్న మాట రేడియోలో "మట్టిలో కలిశాడు" అని వినబడడంతో, ఆ మధ్యాహ్నం ఓసేవె తన చావుకి తానే అందరికంటే ముందు హాజరయ్యాడు.

తప్పు చెవులది కాదు, మోతది. కెందు బే అనే ఊళ్లో సరస్సు ఒడ్డున, వలల కొట్టు మీద ఒంటిగది రేడియో స్టేషను అది. అందులో ఓసేవె మరణవార్తలు చదువుతాడు. ఫలానావారి కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా రోజు ఖననం. ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా అతని గొంతు మీదుగా పోవలసిందే. అయితే పాత కంప్యూటర్ స్థానంలో లాప్‌టాప్ వచ్చినప్పటి నుంచి, దాని అడాప్టర్ గోడకి తగిలించగానే మైకులో తుమ్మెదల గుంపు దూరేది. అడాప్టర్ పీకేస్తే మోత పోయేది. కాసేపటికి లాప్‌టాప్ కూడా పోయేది. దాని బ్యాటరీ, ఓసేవె దవడ పళ్లు ఒకే బాపతు. పేరుకే ఉన్నాయి.

మొన్న ఒకావిడ పేరు ఆ మోతలో మునిగిపోయి, ఆమె చుట్టాలు వెళ్లి ఇంకెవరి కోసమో కడుపారా ఏడ్చొచ్చారు. రేడియో కమిటీ పెద్ద న్యాంగ్వేసో ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఇది వాయిసా, నాయిసా? రేపటికి తగ్గకపోతే కిసుము పట్నంలో రికార్డు చేసిన గొంతు తెప్పిస్తాం. నువ్వు విశ్రాంతి తీసుకుందువు గాని, తమ్ముడూ."

విశ్రాంతి! ఓసేవె దగ్గర దండిగా ఉన్నది అదొక్కటే. భార్య అపొండి పోయాక, కొట్టు వెనక అద్దె గదిలో అతనితో మాట్లాడేది కిరోసిన్ స్టవ్వు మాత్రమే, అదీ వెలిగించినప్పుడే. మైకు కూడా పోతే, తనకంటూ ఒక గొంతు ఉందని తనకే గుర్తుండదు.

అందుకే చిన్ననాటి నేస్తం, కరెంటు పనివాడు ఒగాడాకి ఫోను చేశాడు. ఒగాడా ఎక్కడో పంపుసెట్టు విప్పుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచే వైద్యం మొదలెట్టాడు. ఓసేవె ఫోను గట్టిగా వినబడేట్టు పెట్టి బల్ల మీద ఉంచాడు. సంతాపపు బాణీ వెళుతోంది కదా, మైకు మూసే ఉందనుకున్నాడు.

"ఒరేయ్, అడాప్టర్ పీకు."

"పీకా. మోత పోయింది."

"మళ్లీ పెట్టు."

"వచ్చింది. పిలవని చుట్టంలా."

"మైకు తీగ అడాప్టర్‌కి దూరంగా జరిపావా?"

"తీగ జరిగింది. మోత జరగలేదు."

"లాప్‌టాప్ ఇనుప ఒంటి మీద చెయ్యి వెయ్యి."

వేశాడు. వేళ్ల కొసలు సన్నగా చురచురలాడాయి. తుమ్మెదలు సగం చచ్చాయి.

"తగ్గిందిరా! చెయ్యి తీస్తే మళ్లీ లేస్తోంది."

"నీ ఒళ్లే దానికి మట్టి అవుతోందన్నమాట. ఆ గోడ సాకెట్టులో మూడో కంతకి తీగే లేదు. ఇక నీ పని అయిపోయింది, ఓసేవె. మట్టి లేదు నీకు! మట్టికి కలపాలి. ఇవాళే. నేనొచ్చేదాకా అన్నీ ఆపేసి కూర్చో."

కరెంటు నేలలోకి దిగే తీగని ఆ ఊళ్లో మట్టి అనే అంటారు. మనిషి మీద ఆఖరున వేసేదీ మట్టే. ఊరికి వినబడిందేమిటంటే, ముందు సంతాపపు బాణీ, తర్వాత గుయ్యిమని మోత, ఆ మోతలో ముక్కలు ముక్కలుగా "పని అయిపోయింది... ఓసేవె... మట్టి... కల... ఇవాళే". ఆ వెంటనే రేడియో మూగబోయింది. ఇంకా అనుమానమెవరికి? మైకూ మూసుకోలేదు, ఊరి నోరూ మూసుకోలేదు.

కుర్చీలో కునికిపాట్లు పడుతున్న ఓసేవెకి కింద అలికిడి వినబడింది. మెట్ల దాకా వచ్చి తొంగిచూశాడు. నెత్తి మీద ప్లాస్టిక్ కుర్చీలు, భుజాన పారలు, ఇద్దరు మోసుకొచ్చిన పెద్ద గిన్నె, కర్రలు, రేకులు. ఎవరు పోయారబ్బా, నాకు చెప్పకుండా, అనుకున్నాడు.

"మా అత్త చావు ఎంత బాగా చదివాడమ్మా!" చేపలు వేయించే అబూయా ముక్కు చీదింది. "బతికినంత కాలం నాకు విసుగే. ఓసేవె చదివాకే ఏడుపొచ్చింది."

"ఇప్పుడు ఓసేవెది ఎవరు చదువుతారు?"

"చదవడం సరే, ఎక్కడ మట్టి చేస్తాం? తండ్రి వాకిట్లో ఇల్లు కట్టుకోలేదుగా."

"ఇల్లు లేని మగాణ్ణి పాతిపెట్టే ముందు నాలుగు కర్రలతోనైనా గుడిసె లేపాలి. అందుకేగా రేకులు తెచ్చింది?"

"లేపడానికి ఆ వాకిలేది? అన్నలు ఎప్పుడో అమ్ముకుపోయారు."

"మరి ఎవరికి కబురు పెడదాం?"

ఓసేవె గోడకి చేరగిలబడ్డాడు. అలవాటు కొద్దీ తన వార్త తానే మనసులో చదువుకోబోయాడు. పేరు వచ్చింది. పేరు తర్వాత కొడుకులు, కోడళ్లు, మనవలు, ఊరు, వాకిలి రావాలి. పేరు దగ్గరే కాగితం అయిపోయింది. మట్టి లేదు నీకు అని ఒగాడా ప్లగ్గు సంగతే చెప్పాడు. అయినా ఆ మాట ప్లగ్గు దగ్గర ఆగలేదు.

తనకి తెలియకుండానే దగ్గాడు. ప్రతి వార్తకీ ముందు వచ్చే ఆ దగ్గు ఊరంతటికీ తెలుసు. తలలన్నీ పైకి లేచాయి.

"బతికే ఉన్నావా, చచ్చినోడా!" అని అరిచింది అబూయా.

"నువ్వే తేల్చక్కా, రెండూ నువ్వే అంటున్నావు."

"నూనె పొయ్యి మీదే వదిలేసి వచ్చాను. చేపలు మాడిపోయాయి. ఏడ్చిన ఏడుపు ఎవడు తిరిగిస్తాడు నాకు?"

అప్పుడే ఒగాడా మోటార్‌సైకిలు దిగాడు, చేతిలో పొడుగాటి రాగి కడ్డీతో. జనాన్నీ పారల్నీ చూసి తెల్లబోయాడు.

"ఒక్క కడ్డీ పాతడానికి ఇంతమందా?"

తవ్వడానికి వచ్చినవాళ్లు తవ్వకుండా వెళితే అశుభమన్నాడు న్యాంగ్వేసో. కిటికీ కింద గొయ్యి తీశారు. అబూయా బొగ్గు, కొట్టువాడు ఉప్పు ఇచ్చారు. కడ్డీ దించి, నీళ్లు పోసి, పూడ్చారు. ఒకరిద్దరు అలవాటుగా గుప్పెడు మన్ను కూడా వేశారు. తీగ కిటికీ గుండా పైకెక్కి సాకెట్టు మూడో కంతలో చేరింది.

ఒగాడా అడాప్టర్ తగిలించాడు. ఓసేవె లాప్‌టాప్ మీద చెయ్యి వేసి, మెల్లిగా తీశాడు. తుమ్మెద ఒక్కటి లేదు.

న్యాంగ్వేసో చెవి ఆనించి విన్నాడు. "సరే. కిసుము గొంతు కిసుములోనే ఉండనీ. నీ కుర్చీలో నువ్వు కూర్చో."

తక్కిన కుర్చీలన్నీ వచ్చిన దారినే నెత్తుల మీద వెళ్లిపోయాయి. పంపుసెట్టు ఇంకా విప్పే ఉందంటూ ఒగాడా కూడా వెళ్లాడు. గదిలో ఇన్నాళ్లూ తోడున్న ఆ గుయ్యిమనడం కూడా లేదిప్పుడు. ఓసేవె మైకు తెరిచి, ఈసారి తెరిచి ఉందని రెండుసార్లు చూసుకుని, దగ్గాడు.

"ఒక సవరణ. ఓసేవె పోలేదు, పోయింది మోత. మా లాప్‌టాప్ అడాప్టర్‌కి మట్టి లేక ఇన్నాళ్లూ గోల చేసింది. మట్టికి కలపాలి అన్నాడు ఒగాడా. మట్టిలో కలిశాడు అని విన్నారు మీరు. మైకు మూయనిది నేను. పాతింది రాగి కడ్డీని. కుర్చీలు మోసినవారికీ, పారలు తెచ్చినవారికీ, చేపలు మాడిన అబూయాకీ క్షమాపణలు. కర్రలు, రేకులు ఎవరివో నా గది ముందే ఉండిపోయాయి. వచ్చి తీసుకెళ్లండి. తొందరేం లేదు. వచ్చినప్పుడు కాసేపు కూర్చోండి."