ముందు బ్రేకు

అన్నయ్య సైకిలుకి గాలి కొడుతున్నాడు. పంపు కిందికి దిగిన ప్రతిసారీ కొట్టు గోడలు కాస్త వెనక్కి జరుగుతున్నాయి, పైకి లేచినప్పుడు మళ్ళీ దగ్గరికి వస్తున్నాయి, నేను గుమ్మంలో నిలబడి లోపలికి అడుగు పెట్టాలా వద్దా అని చూస్తున్నాను. ఇది విజయనగరంలో మా నాన్న సైకిలు కొట్టు. నాన్న పోయాక ఇక్కడ సెల్ ఫోన్లు అమ్ముతున్నారని నాకు తెలుసు, అయినా పాత ట్యూబులు మేకులకి వేలాడుతూనే ఉన్నాయి, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి మూలన తన చోట తను ఉంది. అన్నయ్య చనిపోయి ఇరవయ్యారేళ్ళయిందని కూడా తెలుసు. ఆ సంగతి ఇద్దరిలో ముందు ఎవరు ఎత్తుతారా అన్నదే నా భయం.

అతను తలెత్తి చూస్తాడు. అదే ఇరవై రెండేళ్ళ మొహం, ముక్కు పక్కన గ్రీజు మరక. నాకు నలభై నాలుగు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంటాను, ఈలోగా వయసు ఏమైనా తగ్గుతుందేమోనన్నట్టు.

"ఏటే కుసుమా, అచ్చం అమ్మలా అయిపోయేవు," అంటాడు.

అతను గాలి కొడుతున్న సైకిలు ఎవరిదో అప్పుడు గమనిస్తాను. నాదే. విశాఖపట్నంలో మా మూడో అంతస్తు బాల్కనీలో గోడకి ఆనించి ఉండాల్సినది ఇక్కడికి ఎలా వచ్చిందో నాకు తెలియదు, అన్నయ్యకి మాత్రం అది వింతగా లేదు. ఎక్కడ దొరికిందని అడుగుతాడు. చెబుతాను. నేను ఫిజిక్సు చెప్పే కాలేజీలో లాబొరేటరీ పాత ఇనుప ర్యాకులు అమ్మేస్తుంటే లెక్చరరు ఎవరైనా వెంట ఉండాలని నన్ను పంపారనీ, గాజువాకలో పాత ఇనుము కొట్టు వెనక ఫ్రిజ్ తలుపుల కింద నుంచి ఒక తిన్నని హ్యాండిలు బయటికి పొడుచుకొచ్చి కనిపించిందనీ, దాన్ని చూడగానే ర్యాకుల మీదే కూర్చుండిపోయాననీ చెబుతాను. లావుపాటి స్టీలు ఫ్రేము, ముందు మూడు పళ్ళ చక్రాలు, వెనక ఆరు, తుప్పు గీకితే అడుగున నీలం రంగు. కొండలెక్కే సైకిలు. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక రైల్వే ఆఫీసరు మా కొట్లో వదిలేసి వెళ్ళినదీ ఇలాంటిదే. దాన్ని అన్నయ్య బాగుచేసుకుని ఎక్కాడు, ఊరు ఊరంతా అతన్ని గేర్ల సైకిలు పైడిరాజు అనేది.

"అదేనేటి ఇది?"

కాదని తల ఊపుతాను. ఫ్రేము అడుగున నంబరు చూశాను అంటాను. పాత సైకిలు నంబరు మాకెవరికీ తెలియదు. అయినా చూశాను.

అతను పంపు పక్కన పెట్టి వెనక చక్రాన్ని తిప్పుతాడు. అది ఎక్కడా ఊగకుండా తిరుగుతుంది, తిరుగుతున్నకొద్దీ కొట్టు నేల చల్లబడుతోంది, నా అరికాళ్ళకి తెలుస్తోంది. ఏడు ఆదివారాలు పట్టిందని చెబుతాను. అన్నీ ఊడదీసి కిరసనాయిల్లో కడిగాను, హబ్బుల్లో ఇనప గుండ్లు ఒక్కొక్కటే గ్రీజులో పేర్చాను, కొత్త చైను వేశాను, గేరు వైరు సరిగ్గా లాగి నిలబెట్టడానికే రెండు ఆదివారాలు పోయాయి. ఇరవయ్యారేళ్ళుగా స్పానరు ముట్టనిదాన్ని. చేతులు మాత్రం ఏమీ మరిచిపోలేదు. అతను వింటున్నాడు, చక్రం వైపు చూడడం లేదు. ఎప్పుడూ అంతే. ఆడపిల్ల కొట్లో కూర్చుంటే బాగుండదని నాన్న నన్ను ముందుకి రానిచ్చేవాడు కాదు గనక అన్నయ్య చక్రాల్ని పెరట్లోకి తెచ్చి నాకిచ్చేవాడు, నేను స్పోకులు బిగించి బెండు తీసేదాన్ని, అతను వాటిని పట్టుకెళ్ళి బళ్ళకి ఎక్కించేవాడు. నేను ఆడుకుంటున్నాననుకునేది అమ్మ. రిమ్ము బెండు తియ్యడంలో పైడిరాజు తరవాతే ఎవరైనా అని నాన్న వచ్చినవాళ్ళకి గర్వంగా చెబుతుంటే మేమిద్దరం పెరట్లో నోరు మూసుకుని నవ్వేవాళ్ళం. ఇప్పుడూ ఆ నవ్వు ఎక్కడినుంచో వినిపిస్తోంది, మా ఇద్దరి నోళ్ళూ కదలడం లేదు.

నీళ్ళ తొట్టిలోంచి పొగమంచు లేస్తోంది. ఎవరో ట్యూబు ముంచి పట్టుకున్నట్టు అడుగున బుడగలు వస్తున్నాయి, పైకొచ్చిన ప్రతి బుడగా మంచయి నేల మీద పాకుతోంది, మేకులకి వేలాడే ట్యూబులు మెల్లగా మిరియాల తీగలవుతున్నాయి, గోడలు ఉండాల్సిన చోట పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు నిలబడి ఉన్నాయి. మేము కదల్లేదు. కొట్టే అనంతగిరి ఘాటు రోడ్డు మీదికి వచ్చేసింది. నేల వాలుగా ఉంది, సైకిలు తనంతట తను కిందికి జారబోతోంది, నేను సీటు గట్టిగా పట్టుకుంటాను. ఈ మలుపు నాకు తెలుసు. ఒక్కసారే వచ్చాను, ఆ డిసెంబరులో, అన్నయ్య సైకిలుతో పడిపోయిన చోటు పోలీసులు చూపిస్తుంటే నాన్న వెనక నిలబడి పిట్టగోడ అవతలికి తొంగి చూశాను.

అన్నయ్య పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళు లోయ వైపు వేలాడుతున్నాయి. దిగమంటాను. దిగడు.

"ముందు బ్రేకు వేసేవా?" అంటాడు, నా వైపు తిరగకుండానే.

ఇవాళ మధ్యాహ్నమే వేశానని చెబుతాను. మిగతాదంతా పూర్తయినా మూడు ఆదివారాలు ఆ ఒక్క వైరూ దూర్చలేక వదిలేశాననీ, ఇవాళ భోజనమయ్యాక ఇక లాభం లేదని కూర్చుని దూర్చి, పదో నంబరు స్పానరుతో బిగించాననీ చెబుతాను. బిగిసిందా అని అడుగుతాడు. బిగిసిందనే అంటాను, కానీ వంగి చూస్తే నట్టు వదులుగా ఉంది. స్పానరు నా చేతిలోనే ఉంది. తిప్పుతాను, నట్టు తిరుగుతుంది, మళ్ళీ తిప్పుతాను, మళ్ళీ తిరుగుతుంది, ఎక్కడా పట్టు దొరకదు, మెత్తగా, వెన్నలో తిప్పుతున్నట్టు, చెయ్యి నొప్పెట్టినా అది అలా తిరుగుతూనే ఉంది. అన్నయ్య లోయలోకే చూస్తున్నాడు.

ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెబుతాను. అతను స్నేహితులతో అనంతగిరి ఎక్కడానికి బయల్దేరబోయే ముందురోజు సాయంత్రం ముందు బ్రేకుకి కొత్త వైరు వేసింది నేను. వైరుని వాషరు కింద పెట్టాను, నట్టుని వేళ్ళతో తిప్పాను, స్పానరు కోసం లేచాను. పాలు పొంగిపోతున్నాయని వంటింట్లోంచి అమ్మ కేకేసింది. వెళ్ళాను. తిరిగి వచ్చానా, స్పానరు పెట్టానా అన్నది నాకు గుర్తు లేదు. పొయ్యి మీద గిన్నె గుర్తుంది, దాన్ని పట్టుకున్న గుడ్డ గళ్ళు గుర్తున్నాయి, ఆ తరవాత తెల్లారి అతను బూట్ల లేసులు కట్టుకోవడం గుర్తుంది, మధ్యలో ఏమీ లేదు. ఇరవయ్యారేళ్ళుగా ఆ మధ్యలోకి వెళ్ళి వెతుక్కుంటున్నాను.

"నేను బిగించేనా అన్నయ్యా? ఎక్కే ముందు నువ్వు చూసే ఉంటావు కదా."

అతను నా వైపు తిరుగుతాడు. కోపం లేదు, జాలి కూడా లేదు, నేను అర్థం లేని ప్రశ్న వేసినట్టు కొంచెం ఆశ్చర్యం ఉంది.

"నువ్వు చేసింది నేనెప్పుడు చూసేనే?"

మంచు మోకాళ్ళ దాకా వచ్చింది. నేను సీటు వదిలేశానని ఆలస్యంగా తెలుస్తుంది, సైకిలు మాత్రం జారడం లేదు, మా ఇద్దరి మధ్య దానంతట అది నిలబడి ఉంది. రోడ్డు చివర, వంపు తిరిగే చోట, ఎవరో అటు తిరిగి తొట్టి ముందు కూర్చుని ట్యూబు ముంచి చూసుకుంటున్నారు. బనీను, మెడ మీద తువ్వాలు. నాన్న. నేను పిలుస్తాను. నోట్లోంచి పంపు చప్పుడు తప్ప ఏమీ రాదు.

"పలకడు," అంటాడు అన్నయ్య. "నాతో కూడా మాటాడడు."

ఎందుకని అడగక్కర్లేదు. లోయలోంచి తీసిన అన్నయ్య సైకిల్ని లారీలో తెచ్చి కొట్టు ముందు దించిన రోజు నాన్న ముందు చక్రం ఎత్తి, నట్టులోంచి ఊడి వేలాడుతున్న వైరు చూసి, అందరి ముందూ అన్నాడు, నా కొట్లో పెరిగినోడికి ఒక నట్టు బిగించడం చేతకాలేదని. ఆ తరవాత పద్నాలుగేళ్ళు బతికాడు. ఎవరు పలకరించినా అదే మాట. ఏడుపు వచ్చినప్పుడల్లా దాన్ని ఆ మాట కింద తొక్కిపెట్టేవాడు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని, పెళ్ళయి వెళ్ళాక పండక్కి వచ్చినప్పుడూ విన్నాను, ఆసుపత్రిలో ఆఖరి వారం నర్సుకి చెబుతుంటే మంచం పక్కన నిలబడి విన్నాను. ఆ పని చేసింది నేనని ఒక్క ముక్క అనలేదు. మొదట భయంతో. తరవాత, ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలో తెలియక.

ఇప్పుడు చెబుతానని వంపు వైపు నడుస్తాను. నేను ఎంత నడిస్తే రోడ్డు అంత సాగుతోంది, నాన్న వీపు అంతే దూరంలో ఉంది. అన్నయ్య పక్కనే నడుస్తున్నాడు, అతని బూట్లు చప్పుడు చెయ్యడం లేదు.

"నువ్వు ఇక్కడ చెప్తే వినపడదే. ఇక్కడ ఉండిపోడానికి వచ్చినోళ్ళు వాళ్ళతో తెచ్చిన మాటే వినపడతాది." నాన్న వీపు వైపు చూస్తాడు. "అమ్మకి చెప్పు. అమ్మ వచ్చినప్పుడు పట్టుకొస్తాది."

అమ్మ ఎప్పుడు వస్తుందని అడగాలనిపిస్తుంది, అడగను. అమ్మకి డెబ్బై నాలుగు, నా దగ్గరే ఉంటోంది, పోయిన నెల డాక్టరు గుండె గురించి రాసిన కాగితం నా హ్యాండుబ్యాగులో ఉంది. అన్నయ్య ఆ బ్యాగు వైపు చూస్తున్నాడు, అది ఎప్పుడు నా భుజానికి వచ్చిందో నాకు తెలియదు. అమ్మ తట్టుకోలేదంటాను. చనిపోయిన కొడుకు మీద నింద పోయి బతికున్న కూతురి మీదికి వస్తే ఆవిడకి మిగిలేది ఏమిటంటాను. అతను మాతో పాటే వచ్చిన సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేస్తాడు, నా చెయ్యి తీసుకుని బ్రేకు మీద పెడతాడు, అతని వేళ్ళు నా వేళ్ళ మీద ఉన్నాయి, వాటిలో వేడీ లేదు చల్లదనమూ లేదు.

"నొక్కు," అంటాడు.

నొక్కలేను. మూడు ఆదివారాలుగా నేను తప్పించుకుంటున్నది ఇదే. వైరు దూర్చాను, బిగించాను, నొక్కి మాత్రం చూడలేదు. అతను తన వేళ్ళతో నా వేళ్ళని మెల్లగా లోపలికి వంచుతున్నాడు, వంచుతుంటే మంచు అతని నడుం దాకా, భుజాల దాకా వస్తోంది, ఆగమంటాను, ఇంకొంచెం సేపు ఉండమంటాను, మంచులోంచి టక్కుమని చప్పుడు వస్తుంది, మళ్ళీ టక్కుమని, బ్రేకు రబ్బర్లు రిమ్ముని పట్టుకుని వదిలే చప్పుడు, నా చేతి మీద ఇక ఏ చెయ్యీ లేదు.

టక్.

కళ్ళు తెరుస్తాను. బాల్కనీ గుమ్మంలో చాప మీద పడుకుని ఉన్నాను, నాలుగున్నర ఎండ నా కాళ్ళ మీద ఉంది. అమ్మ స్టూలు మీద కూర్చుని సైకిలు ముందు బ్రేకు నొక్కుతోంది, వదులుతోంది. ఈ సైకిలు ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ దాని దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. ఒక్క మాట అడగలేదు, బట్టలు ఆరెయ్యడానికి కూడా వంటింటి వైపు తీగే వాడుకునేది.

నేను లేచి కూర్చోవడం చూసి, "ఇది నువ్వే బిగించేవేటి?" అంటుంది.

"నేనేనమ్మా. అన్నయ్య సైకిలుకీ నేనే. ఆ ముందురోజు ముందు బ్రేకు వైరు వేసింది నేను. అన్నయ్య ముట్టుకోలేదు."

చెప్పడం మొదలుపెట్టాక ఆపకుండా చెబుతాను. పెరట్లో చక్రాల సంగతి, వాషరు, వేళ్ళతో తిప్పిన నట్టు, గుర్తు లేని ఆ మధ్య భాగం, నాన్న అన్న ప్రతిసారీ తలుపు వెనక నిలబడడం. పాలు పొంగుతున్నాయని పిలిచింది ఆవిడేనని మాత్రం చెప్పను. అది నా దగ్గరే ఉంచుకుంటాను.

అమ్మ వింటున్నంతసేపూ బ్రేకు వదల్లేదు. వేళ్ళ కణుపులు తెల్లగా అయ్యాయి. కింద వీధిలో కొబ్బరిబొండాల బండివాడు కేకేస్తూ వెళ్ళి మలుపు తిరిగాడు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నన్ను కొడుతుందేమోనని కూడా అనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"వాడికి పని వచ్చని నాకు తెలుసు," అంటుంది చివరికి. తరవాత ఎండలోకి చూస్తూ, మామూలు గొంతుతో, "సర్లే. మీ నాన్నకి నేను చెప్తాను."

కల సంగతి ఆవిడకి నేను చెప్పనే లేదు. ఆవిడ నా వైపు చూడడం లేదు. బ్రేకు వదిలి, వంగి, వైరు నట్టులోకి దూరిన చోట చూపుడువేలు పెట్టి తడిమి చూస్తోంది.