దించని చెయ్యి

మా పెళ్ళయి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. పొద్దున్నే నా భర్త సిబోనెలో ఈల వేసుకుంటూ బూట్లు తొడుక్కోవడం, కిటికీకి నేను కట్టిన పసుప్పచ్చ తెర మీద తొలి ఎండ పడటం, కబుర్లలో పడి ఇద్దరి కప్పుల్లోనూ టీ చల్లారిపోవడం, ఇవి చాలు, నేను రోజంతా నవ్వుకుంటూ తిరగడానికి. డర్బన్ కాలేజీలో నాతో చదివినవాళ్ళు ఫోన్ చేసి, "ఆ కొండల్లో నీకేం తోస్తుందే?" అనేవాళ్ళు. తోచకపోవడానికి నాకు తీరికేదీ?

ఒక్క లోటుండేది. ఒల్వేతు.

ఒల్వేతు నా భర్త మొదటి భార్య కూతురు. పదేళ్ళ పిల్ల. నా మీద కోపమేమీ లేదు, పెట్టింది తినేది, చెప్పింది వినేది. కానీ బడి వదిలాక ఇంటికి మాత్రం వచ్చేది కాదు. బడి ఆవరణ చివర ఒక పాత రేకుల గది ఉంది. దాని మెట్టు మీద గోడకి వీపు ఆనించి కూచునేది. రోజూ పొద్దుగూకేవేళకి వాళ్ళ నాన్న వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు. ఎందుకే అక్కడ అంటే, "ఊరికే" అనేది.

ఊరికే కాదని అందరికీ తెలుసు. బడి పాలకమండలి కూచునేది ఆ గదిలోనే. ఒల్వేతు తల్లి తోకోజిలే తల్లిదండ్రుల తరఫు సభ్యురాలు. రెండేళ్ళ కిందట సమావేశం మధ్యలోనే కుప్పకూలింది. ట్యాక్సీలో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ ప్రాణం పోయింది. అప్పటి నుంచి ఆమె కుర్చీలోకి ఎవరూ రాలేదు.

పాలకమండలి పెద్ద గ్వాలా ఒకరోజు మా ఇంటికొచ్చాడు. మా లోయలో జనాన్ని ఎక్కించుకుని తిరిగే ట్యాక్సీ వ్యానులన్నీ ఆయనవే.

"పిల్లని పెంచేవాళ్ళెవరైనా చట్టం లెక్కలో తల్లిదండ్రులేనమ్మా. చదువుకున్నదానివి. ఆ ఖాళీకి నువ్వు నిలబడు కోడలా" అన్నాడు.

"నాకు పోటీ ఎవరూ లేరా బాబాయ్?"

"పోటీయా? నువ్వు ఊఁ అంటే ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది."

నేనది పొగడ్త అనుకున్నాను. కొత్త పెళ్ళికూతురికి ఏ మాటైనా పొగడ్తలాగే వినిపిస్తుంది. అదీకాక, సమావేశం అయ్యాక ఒల్వేతూ నేనూ కలిసి ఇంటికి నడిచి రావచ్చనే ఆశ ఒకటి. దారిలో బ్లాక్‌బెర్రీ పొదలున్నాయి. రెండు పళ్ళు కోసిపెడితే రెండు మాటలైనా మాట్లాడదా అనుకున్నాను.

ఆ బుధవారం మధ్యాహ్నం కొండ మీంచి మంచు దిగి బడిని కమ్మేసింది. రేకుల గదిలో బల్ల చుట్టూ అందరూ ముందే కూచున్నారు. గ్వాలా, హెడ్మాస్టరు జోండి సార్, మనవణ్ణి పెంచుకుంటున్న ముసలమ్మ మాసితోలే (ఊరందరికీ గోగో, అంటే అవ్వ), మరో ఇద్దరు. కిటికీ పక్కన ఒకే కుర్చీ మిగిలింది. కూచున్నాను. కుర్చీ వెచ్చగా ఉంది.

"ఇప్పుడే ఎవరైనా లేచి వెళ్ళారా?" అన్నాను.

గోగో మాసితోలే శాలువా సర్దుకుంది. జోండి సార్ కళ్ళజోడు తుడుచుకున్నారు.

మొదటి విషయం చిన్నదే, తల్లిదండ్రుల పెద్ద సమావేశం ఏ శనివారం పెట్టాలన్నది. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. ఆరుగురం, ఆరుగురమూ ఎత్తాం. జోండి సార్ పెన్ను కొసతో ఒక్కొక్క చేతినీ చూపిస్తూ లెక్కపెట్టారు.

"ఏడు" అన్నారు.

నేను పకపకా నవ్వేశాను. నవ్వింది నేనొక్కదాన్నే.

"సరిగ్గా లెక్కపెట్టవయ్యా జోండీ!" అంది గోగో.

"ఏడే గోగో. ఎప్పుడు లెక్కపెట్టినా ఒకటి ఎక్కువే కదా వస్తుంది."

"ఒకటి తీసేసి కానివ్వండి సార్" అన్నాడు గ్వాలా, నుదురు తుడుచుకుంటూ. ఆ చలిలో ఆయనకి చెమట పట్టింది.

రెండో విషయం ఆ గదే. రేకులు పాతబడ్డాయి, పిల్లలకి ప్రమాదం, శుక్రవారం మనుషులొచ్చి పడగొడతారు, మండలి ఒప్పుకోవాలి. ఆరుగురమూ చేతులెత్తాం. ఈసారి ఆరే వచ్చింది. అందరూ తేలికపడ్డారు.

"వద్దనేవాళ్ళు?" అని అడిగారు జోండి సార్, అడగాలి కాబట్టి.

అందరి చేతులూ బల్ల మీదే ఉన్నాయి. నా చెవి పక్కనే గాజులు గలగలమన్నాయి. రాగి తీగ గాజులు, చెయ్యి పైకి లేస్తే మణికట్టు నుంచి మోచేతికి జారే చప్పుడు. మా ఆరుగురిలో ఒక్కరి చేతికీ గాజుల్లేవు.

"ఒకరు" అన్నారు జోండి సార్.

కిటికీ అద్దానికి బయటి నుంచి ఒల్వేతు ముఖం ఆనించి ఉంది. చూస్తున్నది నన్ను కాదు, నా తల పైన ఎక్కడో.

నేను లేచి బయటికి వెళ్ళాను. ఆ పిల్ల నన్ను మొదటిసారి ఒక మాట అడిగింది.

"గది పడగొట్టేస్తే అమ్మ ఎక్కడ కూచుంటుంది?"

లోపలికొచ్చి తలుపు మూశాను. "ఆ రోజు ఏం జరిగిందో ఇప్పుడైనా చెప్తారా?" అన్నాను.

చెప్పింది గోగోనే. చలికాలంలో ఏమీ తినకుండా నడిచొచ్చే పిల్లలకి పొద్దున్నే వేడి జావ కాచి పోయాలని తోకోజిలే పట్టుబట్టిందట. బడి ఖర్చు పెరుగుతుందని గ్వాలా గొణిగాడట. చివరికి చేతులెత్తమన్నారు. జోండి సార్ లెక్కపెడుతూ ఆమె దాకా రాకముందే పడిపోయింది.

"మోసుకెళ్తున్నా ఆ చెయ్యి దించలేదే తల్లీ. ట్యాక్సీ ఎక్కించేటప్పుడు తలుపుకి అడ్డం పడింది. నేనే వంచాను. అది వంగితేగా!"

"మరి ఆ జావ సంగతి?"

"మళ్ళీ ఎవరెత్తుతారమ్మా ఆ మాట" అన్నాడు గ్వాలా, బల్లకేసి చూస్తూ.

"ఆమెని ఇంటికి తీసుకొచ్చారు కదా? కొమ్మ పట్టుకుని?" అన్నాను. పోయినచోటికి ముళ్ళ కొమ్మ తీసుకెళ్ళి పిలిస్తే ఆత్మ దాని మీద ఇంటికొస్తుందని మా నమ్మకం.

"నీ మొగుడు తెచ్చాడు" అంది గోగో. "ప్రాణం ఎక్కడ పోయిందని అడిగాడు, డాక్టరు మంచం చూపించాడు, ఆ మంచం దగ్గరికి రేగుముళ్ళ కొమ్మ పట్టుకెళ్ళి, తోకోజిలే లే, ఇంటికెళ్దాం అన్నాడు. ఆవిడ అక్కడ ఉంటేగా లేవడానికి! ఉన్నది ఇక్కడ. వాడు ఉత్త కొమ్మ తెచ్చుకున్నాడు."

"మీకందరికీ తెలుసా?"

"చేతులు లెక్కపెట్టినప్పుడల్లా తెలుస్తూనే ఉంది."

"తెలిసే నన్ను ఇక్కడ కూచోబెట్టారా?"

గ్వాలా తల దించుకున్నాడు. "కుర్చీ నిండితే లేస్తుందేమో అనుకున్నామమ్మా."

"లేవలేదు బాబాయ్. నేను ఆవిడ ఒళ్ళో కూచున్నాను."

ఆ సాయంత్రం ఇంట్లో పసుప్పచ్చ తెర కేసి చాలాసేపు చూశాను. నోరు మూసుకుంటే చాలు. శుక్రవారం గది పోతుంది. కుర్చీ పోతుంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. ఈ ఇల్లు, ఈ ఈల, ఈ చల్లారిన టీ అన్నీ నావే అయిపోతాయి. ఒల్వేతు మాత్రం మెట్టు లేని చోట, గోడ లేని చోట, ఒట్టి నేల మీద కూచుని చూస్తూ ఉంటుంది.

తోకోజిలే ఆ గదిలోనే ఉందని, ఈసారి అక్కడి నుంచే తేవాలని సిబోనెలోతో చెప్పేశాను. చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"తెస్తే ఆవిడ ఇక్కడే ఉంటుంది ఖేతివే. ఈ ఇంట్లోనే."

"తెలుసు."

"నీకు భయం లేదూ?"

"బోలెడుంది. నువ్వు ఈల మానెయ్యకు, అది చాలు."

మర్నాడు మధ్యాహ్నం అతను దొడ్డి వెనక రేగుముళ్ళ చెట్టు నుంచి కొమ్మ కోసి తెచ్చాడు. తనే వస్తానంటే గోగో ఊరుకోలేదు. "నీతో ఒకసారి రాలేదుగా! మళ్ళీ నీ మాటెందుకు నమ్ముతుందిరా? కడుపున పుట్టింది పట్టుకోవాలి. నువ్వు ఇంటి దగ్గర దీపం పెట్టుకుని కూచో. శనివారం పెద్దలకి మేకని కోద్దాం."

గోగోనే ఒల్వేతు చేతికి కొమ్మ ఇచ్చింది. పట్టుకున్నంతసేపూ తల్లితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదని, దారిలో ప్రతి మలుపూ తల్లికి చెప్తూ రావాలని నేర్పింది.

నేనడిగితే, ఆ పూటే మండలి అదే గదిలో మళ్ళీ కూచుంది. నేను కిటికీ పక్క కుర్చీ వదిలేసి గోడ దగ్గర నిలబడ్డాను.

"రెండేళ్ళ కిందట సగంలో ఆగిన విషయం" అన్నాడు గ్వాలా, గొంతు సవరించుకుని. "పిల్లలకి పొద్దున జావ. ఒప్పుకునేవాళ్ళు..."

చేతులు లేచాయి. అందరికంటే ముందు లేచింది గ్వాలాదే. ఖాళీ కుర్చీ మీద గాజులు మోగాయి. జోండి సార్ పెన్ను ఒక్కొక్క చేతి ముందూ ఆగింది. కిటికీ దగ్గర కూడా ఆగింది.

"ఏడు."

"తీసెయ్యకండి సార్" అన్నాను.

"తీసెయ్యనమ్మా. ఏడు. విషయం నెగ్గింది."

ఒల్వేతు కుర్చీ ముందుకొచ్చి కొమ్మని దాని మీద ఆనించింది. "అమ్మా, నేను ఒల్వేతుని. లే. ఇంటికెళ్దాం."

ఆమెని నడిపించకూడదని ట్యాక్సీ ఎక్కాం. గ్వాలా కొడుకు మూడు సీట్లకి చార్జీ తీసుకున్నాడు. మా తర్వాత ఎక్కిన ఒకావిడ, సంచీ, గొడుగూ పట్టుకుని, "మధ్యలో ఖాళీయేగా, జరగండమ్మా!" అంది.

"ఖాళీ కాదు పిన్నీ, మనిషుంది" అన్నాను. ఆవిడ కొమ్మ చూసింది, నాలుక కరుచుకుంది, తన సంచీ కూడా ఒళ్ళోకి లాక్కుంది.

ఒల్వేతు చెప్తూనే ఉంది. నాతో మూడు నెలల్లో అన్ని మాటలు మాట్లాడలేదు.

"అమ్మా, వంతెన దాటుతున్నాం. ఇటు మలుపు. పక్కన ఉన్నావిడ ఖేతివే. నాన్న పెళ్ళి చేసుకున్నాడు. టీలో చక్కెర ఎక్కువేస్తుంది. పాడుతుంది, బాగా పాడదు. నాకు జడ వేసేటప్పుడు లాగదు. రాత్రి వాకిట్లోకి వెళ్ళాలంటే ఆవిడకి భయం, నువ్వు బెదరగొట్టకు. అమ్మా, ఇది కొండ దారి. దిగాలి."

నేను కిటికీ వైపు తిరిగి కూచున్నాను. అద్దం మీద మంచు. అందులో మా ముగ్గురి నీడలూ పడుతున్నాయేమోనని చూడటానికి ధైర్యం చాల్లేదు.

ఇంటి గుమ్మంలో సిబోనెలో దీపంతో నిలబడ్డాడు. పిల్ల అతనితో కూడా మాట్లాడలేదు. "అమ్మా, గడప. ఈ తెర ఖేతివే కట్టింది. నీకు నచ్చకపోయినా ఏమీ అనకు." తిన్నగా, చనిపోయిన పెద్దల కోసం ఉంచిన గుడిసెలోకి నడిచి, వెనక గోడ దగ్గర కొమ్మని పడుకోబెట్టింది.

నేను మోకాళ్ళ మీద కూచున్నాను. ఏం పిలవాలో తెలియలేదు. "రా అక్కా" అన్నాను.

దీపం కదల్లేదు. గుడిసెలో ఏమీ కదల్లేదు. ఏదో ఇంకా బిగదీసుకుని ఆగి ఉన్నట్టే ఉంది. ఒల్వేతు కొమ్మ మీదకి వంగింది.

"నీది కూడా లెక్కపెట్టారమ్మా. ఇంక చెయ్యి దించు."

చీకటిగా ఉన్న గోడ వైపు నుంచి గాజులు మెల్లగా, మోచేతి నుంచి మణికట్టు దాకా, ఒకదాని వెనక ఒకటి జారిన చప్పుడు వినిపించింది. ఒల్వేతు గట్టిగా ఊపిరి వదిలి నా వైపు తిరిగింది.

"ఆకలేస్తోంది" అంది నాతో.

నేను వంటింట్లోకి వెళ్ళి, వండి ఉంచిన పూతు, అదే మొక్కజొన్న సంకటి, పులిసిన పాలు తీసుకుని పళ్ళేలు సర్దాను. ఎన్ని పళ్ళేలు పెట్టానో సిబోనెలో చూశాడు. కాసేపటికి, చాలా నెమ్మదిగా, ఈల వేయడం మొదలుపెట్టాడు.