మూడు రోజుల సంతకాలు

సర్కారు మనిషిని శిక్షణకు పంపితే మొదట అడిగేది భోజనం సంగతి, రెండోది సంతకం సంగతి. మూడో ప్రశ్న ఉండదు. హైటెక్ సిటీలో ఆ అద్దాల భవనం తొమ్మిదో అంతస్తుకు వచ్చిన నలభై మందీ మొదటి రోజే ఆ రెండూ తేల్చుకుని కుర్చీల్లో కుదురుకున్నారు. హాజరు పట్టీలో మూడు రోజులకూ, పూటకొకటి చొప్పున, ఆరు సంతకాలు ఒక్క ఊపులో గీకేశారు. ఆఖరి రోజు తొందరగా జారుకోవడానికి అనుభవం నేర్పిన తెలివి అది. రాజరాజేశ్వరి కూడా పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో అలా పెట్టని శిక్షణ ఆమెకు గుర్తులేదు.

ఆ పట్టీ వెనకాలే ఇంకో కాగితం వచ్చింది. 'నా పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, చెప్పను. నా పేరుతో జరిగే ప్రతి పనికీ నాదే బాధ్యత' అని. దాని మీదా పెట్టింది. చదవకుండా కాదు, చదివే పెట్టింది.

ఆమె భూమి రికార్డుల ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. రిటైర్మెంట్‌కు ఇంకో ఏడాది ఉంది. ఆఫీసు ఫైళ్లన్నీ ఈమధ్యే క్లౌడ్‌లోకి ఎక్కాయి. వాటి భద్రత నేర్చుకు రమ్మని సూపరింటెండెంట్ రవీందర్ పట్టుబట్టి ఆమె పేరే పంపాడు. "మూడు రోజులు జర ఆరాంగ ఉండుండ్రి మేడం. సీటు ఫికర్ వద్దు, మేం చూస్కుంటం" అన్నాడు. ఎప్పుడూ చిటపటలాడే మనిషి అంత తీయగా మాట్లాడితే అనుమానం రావాలి. ఆమెకు రాలేదు, పైగా సంబరపడింది. జనం పని ఆగకూడదని, బయల్దేరే ముందు తన పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఆపరేటర్ జ్యోతి చేతిలో పెట్టింది. ఆ ఆఫీసులో అది తప్పు కాదు, మర్యాద. సెలవు పెడుతూ చీటీ ఇవ్వనివాడే చెడ్డవాడు.

రెండో రోజు పదకొండు దాటాక శిక్షకురాలు రోహిణి, "మీలో ఒకరు ముందుకొచ్చి మీ ఆఫీసు ఖాతా తెరవండి. అందులోకి ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏం చేశారో ఎలా చూసుకోవాలో చూపిస్తానండి" అంది. అందరూ బల్లల కిందకి చూశారు. పక్క కుర్చీలో ఉన్న నీటిపారుదల శాఖ రామచంద్రం, "పోండ్రి మేడం, మీకేం భయం? కడిగిన ముత్యం మీరు" అని ఎగదోశాడు. రాజరాజేశ్వరి కొంగు సర్దుకుని, కాస్త గర్వంగానే వెళ్లింది.

గోడంత తెర మీద ఆమె పేరు పడింది. కింద ఆ రోజు తేదీ. 10.47కు ఆఫీసు కంప్యూటర్ నుంచి లోపలికి రావడం. 10.55కు ఒక ఫైలు తెరవడం. 11.02కు అభ్యంతరం వెనక్కి తీసుకోవడం. 11.03కు పైఅధికారి ఆమోదానికి పంపడం.

"మీరు తొమ్మిదిన్నర నుంచీ ఇక్కడే ఉన్నారు కదండీ?" అంది రోహిణి.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నలభై మందీ తేలు కుట్టిన దొంగల్లా బిగుసుకుపోయారు. ఎవరి చీటీ వాళ్లకు గుర్తొచ్చి ఉంటుంది.

ఆ ఫైలు నంబరు రాజరాజేశ్వరికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. గోపన్‌పల్లి దగ్గర కుంట పక్కన అరవై ఇళ్లు. మేస్త్రీలు, డ్రైవర్లు, ఇలాంటి అద్దాల భవనాలు ఊడ్చే ఆడవాళ్లు పాతికేళ్లుగా ఉంటున్న జాగా. దాన్ని ఒక బిల్డరుకు కట్టబెట్టాలని రెండేళ్లుగా ఫైలు తిరుగుతోంది. 'నివాసాలున్నాయి, ఇవ్వరాదు' అని రాసి ఆపింది ఆమె ఒక్కతే. ఆ బస్తీలో ఉండే వాచ్‌మన్ పోచయ్య నెలకోసారి వచ్చి కిటికీ దగ్గర నిలబడేవాడు. "అమ్మా, మా ఫైలు మీ తాన్నే ఉన్నది గదా?" అని అడిగేవాడు. ఉందంటే దండం పెట్టి పోయేవాడు. ఇప్పుడది లేదు. సాయంత్రానికి పైన సంతకం పడితే, తెల్లారేసరికి అక్కడ జేసీబీ ఉంటుంది. అదంతా రాజరాజేశ్వరి పేరు మీదే జరుగుతుంది.

ఆమె రోహిణి వైపు తిరిగింది. "దీన్ని ఆపలేమా అమ్మా?" అంది.

"ముందు పాస్‌వర్డ్ మార్చి, 'అన్నిచోట్లా లాగవుట్' నొక్కండి. పైకి వెళ్లిన ఫైలు మాత్రం దానంతటది వెనక్కి రాదండి. భద్రతా విభాగానికి ఫిర్యాదు పంపితే వెంటనే ఆపుతారు."

రెండూ చేసింది. రోహిణి ఫిర్యాదు ఫారం తెరిచింది. ఐదు ప్రశ్నలు. నాలుగోది: మీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?

"ఎవ్వరికీ తెల్వదు, దొంగిలించిన్రు అని రాస్త. నేను ఇక్కడ్నే ఉన్ననని హాజరు పట్టీ సాక్ష్యం ఉన్నది గదా" అంది.

రోహిణి ఆ పట్టీ తెచ్చి ముందు పెట్టింది. "ఇందులో రేపు మధ్యాహ్నం కూడా మీరు ఇక్కడే ఉన్నారండి" అంది మెల్లగా.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక్కడ లేనంటే ఆ ఫైలు తనే పంపినట్టు. ఉన్నానంటే పాస్‌వర్డ్ ఇచ్చినట్టు, నిన్న సంతకం పెట్టిన కాగితం అబద్ధమైనట్టు.

అప్పుడే ఫోన్ మోగింది. రవీందర్. ఆమె కిటికీ దగ్గరకు నడిచింది.

"ఏంది మేడం, పని నడుస్తుంటే నడిమిట్ల బందైంది?" గొంతు శిక్షణకు పంపిన రోజంత తీయగానే ఉంది. "ఫిర్యాదు గిట్ట రాస్తున్నరా ఏంది? వద్దు. పాస్‌వర్డ్ ఎవ్వలకు చెప్పలేదని నిన్న సంతకం పెట్టిన్రు గదా, యాదికుంచుకోండ్రి. మీ చీటీ నా జేబులనే ఉన్నది, మీ చేతిరాతనే. ఏడాదైతే శాలువ కప్పి సాగనంపుతం. ఇగ పింఛన్ పరేషాన్ ఎందుకు పెట్టుకుంటరు?"

ఆ కాగితం సంగతి అతనికి ఆమె చెప్పలేదు. అంటే అతనికి ముందే తెలుసు. రేపు నోరెత్తకుండా చేసే ఆ సంతకం కోసమే తనను ఏరి పంపాడు. రాజరాజేశ్వరికి భయమేసింది, మామూలు భయం కాదు. ఫోన్ పెట్టేసి వెనక్కి వచ్చింది.

"రామచంద్రం సార్, మీరు చూసిన్రు గదా? నేను పొద్దుగాల్నుంచి మీ పక్కకే ఉన్న."

అతను తల ఎత్తలేదు. "నన్ను దీంట్లకు గుంజకుండ్రి మేడం. నేను గూడ ఆరు సంతకాలు పెట్టిన."

హాల్లో బల్లల మీది కంప్యూటర్ల కీబోర్డుల చప్పుడు వడగళ్లు పడ్డట్టు వినిపిస్తోంది. రోహిణి చెప్పకుండానే అందరూ పాస్‌వర్డులు మార్చుకుంటున్నారు. ఆ శిక్షణలో నిజంగా నేర్చుకున్న పాఠం అదొక్కటే.

పోచయ్య ఈ నెల ఇంకా రాలేదని ఆమెకు గుర్తొచ్చింది. వస్తే కిటికీలోంచి అదే మాట అడుగుతాడు. అతనికి జవాబు చెప్పడం కన్నా ఈ ప్రశ్నకు చెప్పడమే తేలిక అనిపించింది. నాలుగో గడిలో ఒక్కో అక్షరం కొట్టింది: 'ఆఫీసంతటికీ తెలుసు. నేనే రాసిచ్చాను.'

పంపింది. కాసేపటికి జవాబు వచ్చింది. ఫైలును ఆపేశారు. విచారణ ముగిసేదాకా ఆమె ఖాతాను కూడా ఆపేశారు. ఫోన్ మళ్లీ మోగడం మొదలుపెట్టింది, రవీందర్ పేరు వెలుగుతోంది.

సంచీ సర్దుకుంటుంటే రామచంద్రం అప్పుడు తలెత్తాడు. "రేపు వస్తరా మేడం?"

ఆమె హాజరు పట్టీని అతని ముందుకు జరిపింది.

"రాకున్నా ఏమున్నది సార్? సంతకం ఉన్నది గదా."