బానెట్ మీద రెండు దెబ్బలు

ఎర్ర కారు అద్దాలు తుడవడం అయిపోయింది. బకెట్ బాబాయ్ గుడ్డ పిండి భుజాన వేసుకుని, బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. కారు కింద నుంచి ముందు మూతి, తర్వాత రెండు కాళ్లు, ఆ తర్వాత తీరిగ్గా మిగతా కుక్క బయటికి వచ్చింది.

"దొరగారికి తెల్లారిందా?"

దొరగారు ఒళ్లు విరుచుకుని, పక్కనున్న తెల్ల కారు కింద మళ్లీ పవళించారు.

ఈ సెల్లారులో కార్లు కడుగుతూనే బాబాయ్ తల నెరిసింది. అసలు పేరు జీతమిచ్చేవాళ్లకే తెలీదు; పిల్లలు పెట్టిన పేరే పెద్దలకూ అలవాటైంది. మోకాళ్లు అరిగిపోయాయి. వేళ్ల చివర్లు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉంటాయి. ఆయనకున్నదల్లా ఇల్లాలు, ఈ కుక్క. కూనగా ఉన్నప్పుడు ఇంజిన్ వెచ్చదనం మరిగి కార్ల కింద దూరింది. ఎంత తరిమినా పోలేదు. ఇక లాభం లేదని, దొరగారని పేరు పెట్టి, రెండు దెబ్బలు వినబడితే లేవాలని బాబాయే నేర్పాడు. తాగడానికి, రెండో అంతస్తులో ఉండే మేనేజరు పారేసిన పాత చక్రం మూతలో నీళ్లు పోసి పెట్టాడు. హారన్‌కి, ఇంజిన్ మోతకి దొరగారు చెవైనా ఆడించదు. ఆ దెబ్బలకే లేస్తుంది. బండి తీసేముందు బానెట్ తట్టడం బిల్డింగంతా నేర్చుకుంది, ఆ మేనేజరు తప్ప.

"కుక్కల కోసం నేను డప్పు కొట్టాలా? అదేదో నువ్వే చూసుకో" అన్నాడాయన. సరే, బాబాయే చూసుకుంటున్నాడు.

ఆ పొద్దున మేనేజరుగారి తెల్ల కారును లోపలి సీట్లతో సహా బాబాయ్ తుడిచి పెట్టాడో లేదో, పైనుంచి పిలుపు వచ్చింది. "ఓసారి పైకి రావయ్యా, మంచం పక్క గదిలోకి మార్చాలి." కార్లు కడిగేవాడికి మంచాలేమిటని బాబాయ్ అడగలేదు. ఎన్నడూ అడగలేదు, అదే వచ్చిన తంటా. చెరో పక్కా పట్టి ఎత్తారు. మంచం గుమ్మంలో ఇరుక్కుంది. ఇంతలో మేనేజరు ఫోను మోగింది.

"నువ్వు పట్టుకునుండు. వెనక కారాయన బయటికి పోవాలట, నా బండి పక్కకి తీసొస్తా."

"అయ్యా, కింద కుక్క..." అనేలోపే లిఫ్టు తలుపు మూసుకుంది.

తర్వాత కింద నుంచి కుక్క అరుపు ఒక్కటి వినిపించింది. బాబాయ్ మంచం వదిలేసి మెట్ల మీద పరుగు తీశాడు.

దొరగారు వెనక చక్రం పక్కన పడి ఉంది. నడుము కిందిభాగం కదలడం లేదు.

"నువ్వు తట్టలేదేంటయ్యా?" అన్నాడు మేనేజరు.

బాబాయ్‌కి ఒళ్లు మండిపోయింది. "మీ మంచం పట్టుకుని నిలబడితే ఎలా తడతానండీ?"

"సర్లే, డాక్టరుకి చూపించు."

"కార్లో దింపండి బాబూ, పక్క వీధే."

"సీట్లు పాడైపోతాయయ్యా. ఇందాకే కదా తుడిచావు!"

తుడిచిన మనిషే అడుగుతుంటే, తుడిచావు కదా అని చెబుతున్నాడు!

మెట్లు ఊడుస్తున్న బాబాయ్ భార్య చీపురు పడేసి వచ్చింది. కార్లు ఆరబెట్టే పెద్ద తువ్వాల్లో కుక్కను చుట్టి, చెరో కొసా పట్టుకుని నడిచారు. దారంతా ఆమె నోరు ఆగలేదు.

"వాడి కారు పాడుగాను! గుక్కెడు నీళ్లయినా తెచ్చి పోశాడా?"

"ఊరుకోవే."

"ఎందుకు ఊరుకోవాలి? ఊరుకునే కదా ఇంతదాకా తెచ్చావు!"

డాక్టరమ్మ ఒళ్లంతా తడిమి చూసింది. "నడుము విరిగింది పెద్దాయనా. లోపల రక్తం పోతోంది. పిలిస్తే పలుకుతుందేమో చూడండి."

పేరు పెట్టి పిలిచాడు. కదల్లేదు. ఏం చెయ్యాలో తోచక, ఇనుప బల్ల మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. చెవులు నిక్కాయి. ముందుకాళ్లు రెండూ బల్లను గీరాయి, లేవడానికి.

"వద్దు నాన్నా, వద్దులే... పడుకో" అంటూ తల నిమిరాడు. నిమురుతుండగానే ఊపిరి ఆగిపోయింది.

సాయంత్రం బకెట్ తీసుకోవడానికి సెల్లారులోకి వచ్చేసరికి మేనేజరు ఎక్కడికో బయల్దేరుతున్నాడు. బాబాయ్‌ని చూసి తడబడ్డాడు. బానెట్ మీద వేళ్ల చివర్లతో, మెల్లగా రెండుసార్లు తట్టాడు.

"ఇప్పుడు తడుతున్నారా!" బాబాయ్ గొంతు సెల్లారంతా మోగింది. అంత గొంతు ఉందని ఆయనకే తెలీదు. "ఇక ఎంత తట్టినా అది లేవదండీ. రేపట్నుంచి మీ కారు మీరే కడుక్కోండి."

"మంచం పడేసి గచ్చు పగలగొట్టావు, ఒక్క మాటన్నానా?"

బాబాయ్ బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయాడు. స్తంభం పక్కన చక్రం మూత ఉండిపోయింది. పొద్దున పోసిన నీళ్లు అందులో ఇంకా సగం ఉన్నాయి.