హస్తవాసి

ఆ ఇంట్లో అతన్ని అందరూ డాక్టరు అంటారు. అతను బాగుచేసేది మనుషుల్ని కాదు, మిక్సీల్ని, ఫ్యాన్లని, గోడ గడియారాల్ని. ఉద్యోగం లిఫ్టుల సర్వీసు కంపెనీలో. పగలంతా ఎక్కడెక్కడో ఇరుక్కుపోయిన లిఫ్టుల్ని కదిలించి, సాయంత్రం ఇంటికొచ్చి అక్కడ ఆగిపోయినవాటి పని పడతాడు. "మావాడి హస్తవాసి అలాంటిది. వాడు చెయ్యి వేస్తే చచ్చింది కూడా లేచి కూర్చుంటుంది" అని అత్తగారు పై వాటావాళ్ళకి చెప్పని రోజు లేదు. కోడలు కూడా ఆ మాట నమ్మింది. నమ్మడమే కాదు, రెండుసార్లు కన్నీళ్ళు తుడుచుకుంటూ అతనికి థాంక్స్ కూడా చెప్పింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్ళు మండిపోతుంది.

ఆమెది ఇళ్ళ ప్లాన్లు గీసే పని. ఇంజనీర్లు చిత్తుకాగితం మీద గీకి పడేసినవాటిని కంప్యూటర్లో కొలతలతో సహా తీర్చిదిద్దేది. తలుపు ఎటు తెరిస్తే గోడకి తగలదు, మెట్ల కింద ఎంత జాగా మిగులుతుంది, నీళ్ళ గొట్టం ఏ గోడలోంచి పోవాలి అన్నవి ఒకసారి చూసి చెప్పేసేది. అత్తగారికి తుంటి ఆపరేషన్ అయినప్పుడు "కొన్నాళ్ళేగా" అని ఇంటి డాక్టరు, అంటే ఆమె మొగుడే, ఆ పని మానిపించాడు. అత్తగారు కర్ర పట్టుకుని నడిచింది, కర్ర వదిలేసి నడిచింది, ఇప్పుడు మేడ మెట్లెక్కి కబుర్లు చెప్పి దిగొస్తోంది. ఆ కొన్నాళ్ళు మాత్రం ఇంకా అవలేదు.

మళ్ళీ ఉద్యోగం చూసుకుంటానంటే డాక్టరు కాదనలేదు. కాదని ఉంటే బాగుండేది, పోట్లాడటానికి ఒక మనిషి దొరికేవాడు. "నీ ఇష్టం. నేనెప్పుడైనా అడ్డం చెప్పానా?" అన్నాడు.

మొదట ఒక ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పరీక్ష రాయమన్నారు. ఆమె పొద్దున్నే పనంతా తెముల్చుకుని లాప్‌టాప్ బటన్ నొక్కింది. కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒకే ఒక్క ముక్క మిగిలింది, బూట్ అవడానికి డిస్కు కనబడటం లేదని. ఆపి మళ్ళీ వేసింది. ఛార్జరు పీకి పెట్టింది. బటన్ని కాసేపు నొక్కి పట్టుకోమని ఫోన్లో ఎవరో చెబితే వేలు నొప్పెట్టేదాకా పట్టుకుంది. ఎన్ని చేసినా అదే ముక్క. డాక్టరుకి ఫోన్ చేస్తే లిఫ్టు గుంటలో ఉన్నాను, కదల్లేనన్నాడు.

సాయంత్రం వచ్చి, "నువ్వు పక్కన నిలబడితే నాకు చెయ్యి ఆడదు" అని ఆమెని గదిలోంచి పంపేసి, కప్పులో టీ చల్లారేలోపు బాగుచేసి తెచ్చాడు.

"ఏం చేశారండీ?"

"ఏముంది, అటూ ఇటూ నొక్కాను. దానంతట అదే లేచింది."

పరీక్ష అప్పటికే అయిపోయింది. ఆమె ఏడిస్తే దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. "పోనీలే. మదర్‌బోర్డు నీరసించింది. దీన్ని నమ్ముకుని ఏం ఉద్యోగం చేస్తావు చెప్పు?" అన్నాడు.

రెండోసారి వీడియోలో ఇంటర్వ్యూ. పాత ఆఫీసులో ఆమె పైన పనిచేసిన మేడమ్ ఇప్పుడు కొత్త సంస్థలో ఉంది, పట్టుబట్టి ఏర్పాటు చేసింది. ఆ పొద్దున్న కూడా అదే నల్ల తెర, సాయంత్రానికి అదే హస్తవాసి. ఈసారి ఓదార్పుగా సినిమాకి కూడా తీసుకెళ్ళాడు. మధ్యలో నెలల తరబడి ఆ లాప్‌టాప్ పాటలు వినిపించింది, అత్తగారికి సీరియళ్ళు చూపించింది, ఒక్కనాడూ మొరాయించలేదు. ఆమె తన రాతనే తిట్టుకుంది.

మేడమ్ మంచిది కాబట్టి మరో అవకాశం ఇచ్చింది. "గురువారం పొద్దున్న మావాళ్ళు చూస్తుండగా ఒక ప్లాన్ గీసి చూపించు, చాలు. ఈసారీ కంప్యూటరన్నావంటే మాత్రం ఇక నన్నడక్కు. వాళ్ళ దగ్గర నాకూ ముఖం చెల్లాలిగా" అంది.

బుధవారం మధ్యాహ్నం, చెయ్యి సాధన చేసుకుందామని ఆమె లాప్‌టాప్ తెరిచింది. గుర్తు వచ్చింది, పోయింది. నల్లటి తెర, తెల్లటి ముక్క.

ఆమె కుర్చీలో అలాగే కూలబడిపోయింది. అత్తగారు మేడ మీద ఉంది. అప్పుడే తల్లికి మందులివ్వడానికి ఆడపడుచు వచ్చింది. కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటుంది ఆ అమ్మాయి.

"ఏంటొదినా, అలా ఉన్నావు?"

"చూడు, మళ్ళీ పోయింది. ఇది మూడోసారి. మదర్‌బోర్డు నీరసించిందని మీ అన్నయ్య అంటూనే ఉన్నారు."

"మదర్‌బోర్డుకి నీరసమేంటి? టానిక్కు పట్టాలా దానికి?" అని నవ్వుతూ కూర్చుంది ఆడపడుచు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసి, గుర్తు కనబడగానే ఒక మీటని టకటకా నొక్కింది. ఎన్నడూ చూడని నీలం పేజీ ఒకటి తెరుచుకుంది. "ఇది మిషను పూర్తిగా లేవకముందు ఉండే గదనుకో. ముందు ఇక్కడ చూసుకుని, ఏమేం ఉన్నాయో తెలుసుకుని అప్పుడు లేస్తుంది" అంటూ కిందికీ పైకీ వెతికింది. ఒకచోట ఆగింది. డిస్కు ఎదురుగా ఆఫ్ అని ఉంది. దాన్ని ఆన్ చేసి బయటికి రాగానే లాప్‌టాప్ చక్కగా లేచింది. ఆమె ప్లాన్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"అంతేనా! ఎలా ఆఫ్ అయిందంటావు?"

ఆడపడుచు ముఖంలో నవ్వు పోయింది. "లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోతే సెట్టింగులు చెరిగిపోతాయి. కానీ అప్పుడు తేదీ, టైము కూడా పోవాలి. అవి సరిగ్గానే ఉన్నాయి."

"అంటే?"

"అంటే దానంతట అదే అవలేదొదినా. ఎవరో ఈ గదిలోకొచ్చి ఆఫ్ చేశారు. మార్చింది ఉంచమంటావా అని మిషను అడుగుతుంది. ఉంచు అని నొక్కి మరీ వెళ్ళారు."

ఆ ఇంట్లో ఎవరో అనడానికి ఎవరున్నారు? అత్తగారికి టీవీ రిమోట్ తిరగేసి పట్టుకున్నా తెలియదు.

"చిన్నప్పుడు నా సైకిలుకి ఎప్పుడూ గాలి పోయేది" అంది ఆడపడుచు, తెర వైపే చూస్తూ. "సరిగ్గా నాకు పరీక్షలున్నప్పుడు, లేదంటే స్నేహితురాళ్ళతో ఎక్కడికైనా బయల్దేరినప్పుడు. అన్నయ్యే పరిగెత్తుకొచ్చి చెమటలు కారేలా పంపు కొట్టేవాడు. అమ్మ మురిసిపోయేది. ఒకరోజు వాడి బట్టలు తడుపుతుంటే జేబులో నా సైకిలు వాల్వు దొరికింది."

"అత్తయ్యకి చూపించావా?"

"చూపించాను. 'మళ్ళీ వాడే బాగుచేస్తున్నాడుగా, నీకొచ్చిన నష్టమేంటి?' అంది." లాప్‌టాప్‌ని వదిన వైపు జరిపి, "వాడు గిల్లి జోలపాడే రకం. కానీ నేను చెప్పానని మాత్రం అనకొదినా. నాకు పుట్టిల్లంటూ ఉన్నది ఇదొక్కటే" అంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ తల నిమిరి ఓదారుస్తుంటే ఇక మామూలు ఆడది ఏం పట్టుకుంటుంది? పోయిన ఉద్యోగాల కన్నా ఆ నిమిరిన చెయ్యే ఆమెని ఎక్కువ మండించింది. ఎప్పుడో ఒక పెళ్ళిలో ఎవరో అతన్ని, "ఆ మూలమలుపు ఇల్లు మీ ఆవిడ గీసిందేనటగా" అని మెచ్చుకోలుగా అడిగారు. అతను ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. కడుపులో బాగాలేదంటే ఆమె మజ్జిగ కలిపిచ్చింది. ఇప్పుడు ఆ మజ్జిగ మీద కూడా కోపం వచ్చింది.

"ఈ గదికి తాళం వేసుకోవచ్చా?" అని అడిగింది.

"వేసుకోవచ్చు. పాస్‌వర్డ్ పెట్టాలి. మామూలుగా ఆన్ చేసేవాళ్ళని అది అడగదు. ఈ గదిలోకి వచ్చేవాళ్ళనే అడుగుతుంది."

ఆమె పాస్‌వర్డ్ కొడుతుంటే ఆడపడుచు తల పక్కకి తిప్పుకుంది.

సాయంత్రం భోజనాల దగ్గర డాక్టరు ఆప్యాయంగా అడిగాడు. "రేపటికి అంతా సిద్ధమేనా? లాప్‌టాప్ చూసుకున్నావా?"

"చూసుకున్నానండి. బాగా పనిచేస్తోంది."

కలుపుతున్న చెయ్యి ఆగింది. "పనిచేస్తోందా?"

"మొదట మొరాయించింది. తర్వాత దానంతట అదే లేచింది. మీ హస్తవాసి ఇంకా దాంట్లో ఉన్నట్టుంది."

"చూశావా మరి!" అంది అత్తగారు గర్వంగా. డాక్టరు నవ్వాడు కానీ ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు.

ఆ రాత్రి పక్కన పడుకుని ఆమె ఒక్కటే కోరుకుంది. అతను ఇక్కడితో వదిలేస్తే బాగుండు. ఏదో బుద్ధి గడ్డితిని చేశాడు, ఇక చెయ్యడు అనుకోవడానికి ఆ ఒక్క ఆధారం మిగిలితే చాలు, జన్మలో ఎవరికీ చెప్పదు. అంత కోపంలోనూ మనసు ఆ మూలకే పోయింది, సిగ్గులేనిది.

పొద్దున్న ఆమె వంటింట్లో ఉండగా గది తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినబడింది. తర్వాత ఒక మీటని టకటకా కొట్టిన చప్పుడు. ఆమె స్టవ్ కట్టేసి నిలబడింది.

"ఏయ్! ఇదేంటి, పాస్‌వర్డ్ అడుగుతోంది?"

గొంతులో నిజమైన చిరాకు, ఇంట్లో తన వస్తువేదో ఎవరో దాచేసినట్టు. ఆమె తలుపు తోసుకుని వెళ్ళింది.

"ఎప్పుడు అడిగిందండీ?"

"ఎప్పుడేంటి? ఆన్ చేస్తే!"

"ఆన్ చేస్తే అడగదు. లోపలి గదిలోకి వెళ్ళేవాళ్ళనే అడుగుతుంది."

అతను తెర వంక చూశాడు. ఆమె వంక చూశాడు. నెత్తురుచుక్క లేదు ముఖంలో.

"ఏమైందిరా?" అంటూ అత్తగారు వచ్చింది.

"ఏం లేదమ్మా. దీనికి ఇవాళ ఇంటర్వ్యూ కదా అని ఒకసారి చెక్ చేద్దామని..."

"చెయ్యనీవే. వాడి చెయ్యి పడితే మంచిదేగా" అంది అత్తగారు కోడలితో.

"రెండుసార్లు ఏడ్చాను. రెండుసార్లూ మీ భుజం మీదే పడి ఏడ్చాను" అంది ఆమె అతనితో. "అప్పుడు మీకేమనిపించింది? అదొక్కటి చెప్పండి."

అతను నోరు తెరిచాడు. ఫోన్ మోగింది. ఎక్కడో లిఫ్టులో ఎవరో ఇరుక్కుపోయారట. బతికిపోయినట్టు సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు, తలుపు తెరిచి వాళ్ళని బయటికి తీయడానికి.

ఆమె ముఖం కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. వీడియోలో మేడమ్ పక్కన ఇద్దరు కొత్తవాళ్ళు ఉన్నారు. మేడమ్ నవ్వుతూ పలకరించింది.

"ఏమ్మా, ఈసారి నీ కంప్యూటర్ ఆరోగ్యం బాగుందా?"

గుమ్మం దగ్గర అత్తగారు ఇంకా నిలబడే ఉంది.

"బాగుందండీ" అంది ఆమె. "ముందు కూడా దానికి ఏ జబ్బూ లేదు."