పన్నెండు టన్నుల వంతెన

ఆ ఉదయం పాత ఇనుము వ్యాపారి చేతిలో ఉన్నవి ఇవి: పదకొండు కిలోమీటర్ల పట్టాలు, నాలుగు కొయ్య రైలు పెట్టెలు, బాయిలరు పగిలిన ఆవిరి ఇంజను, బ్యాంకులో ముప్పై అయిదు లక్షలు, పంతొమ్మిది రోజుల గడువు.

నిజానికి ఆ లైను కొన్నది పట్టాలు పీకి అమ్ముకుందామనే. కొన్న కొత్తలో ఒక ఆదివారం సరదాకి బండి తిప్పి చూస్తే, కొండ చివరిదాకా వెళ్లి రావడానికి జనం టిక్కెట్ల కోసం ఎగబడ్డారు. పీకితే ఒక్కసారే డబ్బు, నడిపితే ఏటేటా డబ్బు. లెక్క తేలిపోయింది. కాళ్లరిగేలా తిరిగి బండి నడపడానికి అనుమతి తెచ్చుకున్నాడు. అంతలో బాయిలరు కాస్తా పగిలింది. గడువులోగా జనంతో బండి కదలకపోతే అనుమతి రద్దు, లైను సర్కారు స్వాధీనం. పెట్టిందంతా నీళ్లపాలు.

అందుకే మూతపడ్డ గని యార్డుకు వచ్చాడు. వెంట బావమరిది, లాభనష్టాల్లో పావలా వంతు వాటాదారు. ఇంకొకరు ఫిట్టరమ్మ, ఇరవై ఏళ్లు ఇంజను షెడ్డులో చేసి వచ్చిన మనిషి.

యార్డులో అమ్మకానికి రెండు డీజిల్ ఇంజన్లు. ఒకటి పెద్దది, ఎర్ర రంగు, ఆరు ఇరుసులు, తొంభై ఆరు టన్నులు, ఇరవై ఆరు లక్షలు. రెండోది పసుపు రంగు వెలిసిపోయిన పొట్టిది, నలభై టన్నులు, ముప్పై నాలుగు లక్షలు.

వ్యాపారి బుర్రలో తక్కెడ ఊగింది. తొంభై ఆరు టన్నుల ఇనుము తుక్కు కింద అమ్మినా దాదాపు ఇరవై తొమ్మిది లక్షలు. పోతే పోయేదేం లేదు. జేబులో చెక్కు పుస్తకం మీదికి చెయ్యి దానంతటదే వెళ్లింది.

"బావా, ఇంకా ఆలోచనేంటి?" అన్నాడు బావమరిది. "పెద్దదాని హారన్ విన్నావా? ఆ పొట్టిది చూడు, బీరువాకి చక్రాలు బిగించినట్టుంది. దాన్ని చూడ్డానికి ఎవడొస్తాడు?"

"ఒక్క మాట సార్," అంది ఫిట్టరమ్మ. "మీకు కావల్సింది రైలా, ఇనుమా?"

వ్యాపారి చెయ్యి ఆగింది.

"మూడో కిలోమీటర్లో మన వంతెన ఇరుసుకి పన్నెండు టన్నులే మోస్తుంది. పెద్దది ఇరుసుకి పదహారు. పొట్టిది పది."

"వందేళ్లుగా నిలబడే ఉందిగా ఆ వంతెన!" అన్నాడు బావమరిది.

"పదకొండు టన్నుల ఆవిరి ఇంజను కింద నిలబడిందండీ. కావాలంటే పదహారు టన్నులది ఎక్కిద్దాం. ముందు మీరు కింద నిలబడండి."

వ్యాపారి జేబు మీది నుంచి చెయ్యి తీసేశాడు. ముప్పై ఏళ్లుగా ఇనుమును తూకం వేసి కొన్నవాడు, దాన్ని మోసేదెవరో ఒక్కసారీ అడగలేదు.

పొట్టిది అప్పటికే గుడగుడమంటూ ఆడుతోంది. "మీకోసమే స్టార్ట్ చేసి ఉంచాం," అన్నాడు యార్డు మేనేజరు నవ్వుతూ. వ్యాపారి దగ్గరికెళ్లి ఇంజను తొడుగు మీద అరచెయ్యి పెట్టాడు. చుర్రుమంది. పాత లారీలు కొన్న రోజుల్లో ఈ నవ్వు, ఈ వేడి ఎన్నిసార్లు చూశాడో. చల్లబడితే లేవని బండినే ముందుగా వేడెక్కించి ఉంచుతారు.

"ఆపండి. చల్లారాక మళ్లీ వెయ్యండి."

"అయిదారు గంటలు పడుతుంది సార్! ఒంటిగంటకి ఇంకో పార్టీ వస్తున్నాడు."

"నాలుగింటిదాకా ఆపినందుకు లక్ష. ఇంజను లేవకపోయినా తిరిగివ్వక్కర్లేదు."

"బావా, నీకు మతి పోయిందా?" బావమరిది గొంతు పీలగా వచ్చింది. వ్యాపారి చెక్కు రాసిచ్చాడు.

ఒంటిగంటకి తుక్కు కాంట్రాక్టరు వచ్చాడు. పెద్దదాని చుట్టూ ఒక్కసారి తిరిగి, ఇనుముతో పాటు మోటార్లలోని రాగి, అమ్ముడయ్యే విడిభాగాలు కూడా లెక్కేసుకుని, "రెండూ కలిపి యాభై ఎనిమిది, ఇప్పుడే," అన్నాడు. మేనేజరు వ్యాపారి వంక చూశాడు. వ్యాపారి గడియారం వంక చూశాడు. రెండు అయింది. మూడు అయింది. ప్రతి అరగంటకీ లేచి అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. వేడి, గోరువెచ్చన, ఆఖరికి చల్లన.

నాలుగింటికి మేనేజరు బటన్ నొక్కాడు. ఇంజను ఒకసారి మూలిగి ఊరుకుంది. రెండోసారి సగం మూలుగు. మూడోసారి టిక్కుమన్న చప్పుడొకటే.

"ఇక పొట్టిది కూడా నాదేగా," అన్నాడు కాంట్రాక్టరు, గట్టిగానే.

వ్యాపారి మనసులో లెక్క వేసుకున్నాడు. లక్ష పోయింది, లైను కూడా పోయినట్టే. ఫిట్టరమ్మ మాత్రం ఆయిలు కొలిచే పుల్ల పైకి లాగి చూసింది. ఆయిలు నల్లగా ఉంది, నీళ్లు కలిసిన తెలుపు లేదు. బ్యాటరీ పెట్టె తెరిచింది. "ప్రాణం పోయింది ఇంజనుకి కాదు సార్, వీటికి." గేటు దగ్గరున్న లారీవి రెండు బ్యాటరీలు దింపించి తీగలు తగిలించింది.

"వెయ్యండి."

ఇంజను తిరిగింది, దగ్గింది, తెల్లటి పొగ గుప్పున కక్కింది. పొగ నీలంగా మారితే ఆయిలు తాగుతున్నట్టు, అంటే కొనకూడదు. ఫిట్టరమ్మ రెప్ప వేయకుండా పొగగొట్టం వైపే చూస్తోంది. తెలుపు పలచబడింది, ఇంకా పలచబడింది. గొట్టం మీద వేడిగాలి తప్ప ఏమీ మిగల్లేదు.

"తీసుకోండి," అంది.

"బ్యాటరీలు చచ్చాయని నాకెందుకు చెప్పలేదు?" మేనేజరును అడిగాడు వ్యాపారి. "మూడు లక్షలు తగ్గించు. లేకపోతే రెండూ ఈయనకే అమ్ముకో. ఈయన నీ ఇంజన్లకి మెడలు కోస్తాడు, నేను నడుపుతాను. వీటితోనే బతికిన మీ గని పనివాళ్లకి ఏ మొహం చూపిస్తావో నువ్వే ఆలోచించుకో."

మేనేజరు పొట్టిదాని తొడుగు మీద చెయ్యి వేశాడు. "పదకొండేళ్లు నేనే తోలాను దాన్ని," అన్నాడు చివరికి. "ముప్పై ఒకటి. మీరిచ్చిన లక్ష అందులోనే." పెద్దది మర్నాడు ముక్కలైందని తెలిసినప్పుడు వ్యాపారి మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. కత్తిరించింది తానైతే ఎంత మిగిలేదో అతనికి కచ్చితంగా తెలుసు.

పదిహేడో రోజు సర్కారు తనిఖీ అధికారి మొదటి పెట్టెలో ఎక్కాడు, మిగతా పెట్టెల్లో టిక్కెట్లు కొన్న జనం. వంతెన మీద బండి మనిషి నడిచేంత మెల్లగా వెళ్లింది. వ్యాపారి పెట్టె గుమ్మంలో కింది దూలాలనే చూస్తూ నిలబడ్డాడు. ఒక్కటీ కిక్కురుమనలేదు. అవతలి ఒడ్డుకు చేరాక అధికారి కాగితం తొడ మీద పెట్టుకుని సంతకం చేశాడు.

ఇంజనుకు ముప్పై ఒకటి, బ్యాటరీలకు లక్షన్నర, ట్రైలరు మీద తేవడానికి రెండు లక్షలు. ముప్పై అయిదులో మిగిలింది అరలక్ష. ఆ రోజు టిక్కెట్లు నూట డెబ్బై రెండు, ఒక్కోటి రెండువందలు. డీజిలు ఆరు వేలు, జీతాలు ఎనిమిది వేలు పోను మిగిలింది ఇరవై వేల నాలుగువందలు. అనుమతి అయిదేళ్లు.