రోసెల్లా ఇంటి మంగళవారం పాఠం

మంగళవారం వచ్చిందంటే గల్ఫ్ దేశంలో, ఖురం పేటలో ఇటాలియన్ నేర్పే రోసెల్లా మేడమ్ ఇంట్లో పనిచేసే బిల్కీస్ ముందుగా తివాచీ చుట్టి మూలన పెట్టేస్తుంది. ఆ రోజు ఇటాలియన్ పాఠంలో ‘చేసేవాడు, వచ్చేది’ అని గడిచిపోయిన అలవాట్లకు మనం చెప్పుకుంటామే, ఆ మాటలుంటాయి. ఎవరి గురించి ఆ మాట ఇటాలియన్‌లో అంటే వాళ్ల పని అక్కడ కాసేపు మళ్లీ జరుగుతుంది. హోటల్ డ్యూటీ ముగించుకుని పాఠానికి వచ్చే తహ్సీన్ పోయినవారం ‘మా తాత తోటకు నీళ్లు పెట్టేవాడు’ అంది. బండలన్నీ బురద. బిల్కీస్ రెండుసార్లు తుడిచింది. మేనత్త బిర్యానీ వండేదంటే మాత్రం ఏ వాసనా రాలేదు. ఆవిడ హైదరాబాదులో ఇంకా వండుతూనే ఉందట.

“ముగియనిది రాదు,” అని మేడమ్ పేజీ తిప్పింది.

ఈ మంగళవారం పాఠం మధ్యలో బిల్కీస్ మరిది జావెద్ తానుండే ఘాలా నుంచి వచ్చాడు. అతని అన్న ఇస్రార్, బిల్కీస్ భర్త, సూర్‌లో చేపల పడవ మీద పనివాడు. పడవ తిరగబడి ఇరవై రోజులు. ఎవరూ దొరకలేదు.

“భాబీ, అమ్మ ఇద్దత్‌లో కూర్చోమంటాంది. మొగుడు పోయినోళ్లు నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదంట. రేపు కడపకు, అమ్మ కాడికి పోదాం.”

“ఆయన పోయింది ఎవరు చూసినారు?”

“సముద్రం చూపిస్తాదా?”

బిల్కీస్ పాఠం గదిలోకి నడిచింది. “మేడమ్, పాడేవాడు అనేదానికి ఏమంటారు?”

మేడమ్ పుస్తకం మూసింది. “అన్నాక వెనక్కి తీసుకోలేవు.”

“తెలుసు.”

“కంతావా.”

“ఇస్రార్ కంతావా,” అంది బిల్కీస్.

గడ్డం గీసుకుంటూ అతను తీసే వంకర రాగం రాలేదు. ఏసీ చప్పుడొక్కటే.

“నీకు పలకను రాలేదేమో. ఆ భాషేమన్నా మన అబ్బ సొమ్మా?” అన్నాడు జావెద్.

బిల్కీస్ ఇంకో మాట అడిగి తెలుసుకుంది. ఆమె తల్లి సుగ్రా బేగం పోయి ఆరేళ్లు. “అమ్మ ఇంపస్తావా,” అంది. పిండి పిసికేది అని. బల్ల మీద దబదబా చప్పుడు, నెయ్యి వాసన, జావెద్ నల్లచొక్కా మీద చారెడు పిండి.

అతను దాన్ని దులుపుకోలేదు. “భాబీ, మా అన్న గురించిన మాట ఇంకోసారి అను.”

“ఇస్రార్ కంతావా.”

ఏమీ లేదు.

జావెద్ ఫోన్ తీశాడు. “అమ్మా, ఇద్దత్ వద్దు. భాబీ రాదు. మేము సూర్ పోతాండాం. ఆస్పత్రులన్నీ తిరుగుతాం, అక్కడ లేకుంటే అవతలి ఊర్లు. యాడుండాడో నాకేం తెలుసమ్మా! పాడతాండాడు, అంతే.”